ఐదు శృతి నుంచి నాలుగున్నరకు: పెద్దాయన పాడాలా, ట్రాక్ పెట్టాలా?

పెన్నా గట్టు (నెల్లూరు):
మా అమ్మమ్మ వాళ్ళది కందుకూరు పక్కన పల్లె. మొన్న తిరునాళ్ళకి వెళ్ళాను. రాత్రి హరిశ్చంద్ర కాటి సీను. వేషం కట్టినాయనకు డెబ్బై మూడేళ్ళు. పేరు రాయను, ఆ చుట్టుపక్కల వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆట మొదలుకాకముందు కమిటీ వాళ్ళు పోయి, "పెద్దాయనా, మీ పాత క్యాసెట్ల నుంచి పద్యాలన్నీ ట్రాక్ తీయించాం. మీరు పెదాలు కదిపితే చాలు" అన్నారు. ఆయన మొహానికి రంగు పూసుకుంటూ అద్దంలోంచే చూసి, "అయితే నన్నెందుకు పిలిచినట్టు? ఆ డబ్బాకే గోచీ కట్టి కాట్లో నిలబెట్టండి" అన్నాడు.

పాడాడు. ఎప్పుడూ ఐదు శృతిలో పాడే మనిషి నాలుగున్నరకి, అంటే అర మెట్టు కిందికి, దిగాడు. రెండో పద్యం చివర పై షడ్జం (పైస్థాయి 'స') దగ్గర రాగం తెగిపోయింది. వెనక కుర్రాళ్ళు ఈలలు, ముందు చాపల మీద ముసలోళ్ళు వన్స్ మోర్.

ఇంటికొచ్చి నిద్రపట్టక అమెరికా జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్ 1977లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రో జాజ్ ఉత్సవంలో పాడింది పెట్టుకున్నాను. అప్పటికి ఆమెకి అరవై. పియానో మీద టామీ ఫ్లానగన్, ఇంకా బేస్, డ్రమ్స్. ముగ్గురంటే ముగ్గురే. వయసులో ఉన్నప్పటి నునుపు లేదు, సాగదీసిన చోట వణుకు తెలుస్తోంది. అయినా మాటలు వదిలేసి ఉత్త అక్షరాలతో స్కాట్ అందుకుందంటే, మనవాళ్ళు పద్యం అయిపోయాక రాగం తీసినట్టే ఉంటుంది. తాళం మాత్రం ఒక్క చోట జారదు.

ఇంతకీ నా ప్రశ్న. ట్రాక్ పెడతామన్న కమిటీది తప్పా? పాడతానన్న పెద్దాయనది మొండితనమా?

అద్దంకి బస్టాండు:
కమిటీది ఏం తప్పు అన్నా? చందాలు వసూలు చేసి ఆట పెట్టిందే వాళ్ళు. రేపు "ఇదేం పాటరా" అని తిట్లు తినేదీ వాళ్ళే. నేను ఏడేళ్ళప్పుడు మా నాయన సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని పోయి ఇదే మనిషి పద్యం విన్నాను. చెరువు కట్ట అవతల్నించే వినపడేది. ఆ గొంతు నా చెవిలో అట్నే ఉంది. ఇప్పుడొచ్చి దాని మీద ఈ తెగిన రాగం పొయ్యొద్దు.

సినిమా పాటల ఎస్. జానకి గారు ఏం చేశారు? 2017లో మైసూరు కచేరీతో చాలించుకున్నారు. ఆమె గౌరవం ఏమైనా తగ్గిందా? జాజ్ అంటున్నారు కాబట్టి అదే చెప్తా. అమెరికా గాయకుడు టోనీ బెనెట్ అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు)తో ఉండి కూడా 2021లో 95వ పుట్టినరోజున న్యూయార్క్‌లో పాడాడు. అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ నెలలోనే ఇక కచేరీలు చాలని ఇంట్లోవాళ్ళు చెప్పేశారు. ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్ళు పక్కనుండాలి.

ఒంగోలు గిత్త:
ముసలి గిత్తని బండలాగుడు పందేనికి ఎవరన్నా తోలుకుపోతారా? అంతే సంగతి.

కావలి టీచరమ్మ:
తోలుకుపోరు నాయనా. కానీ ట్రాక్టర్‌తో బండ లాగించి, గిత్తే లాగిందని మైకులో చెప్పరు కదా.

అద్దంకి తమ్ముడూ, నువ్వు రెండు విషయాలు కలిపేశావు. ఆపడం వేరు, ట్రాక్ వేరు. జానకమ్మ పాడటం ఆపారు, అంతేగానీ వేదికెక్కి పెదాలు కదపలేదు. కమిటీ వాళ్ళు "పెద్దాయనా, ఇక చాలించండి, సన్మానం చేస్తాం" అని ఉంటే నేనూ ఆలోచించేదాన్ని. వాళ్ళకి మనిషి కావాలి, ఆయన వయసు మాత్రం వద్దు.

అసలు ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్ పేరు నిలబెట్టిన వాటిలో ఒకటి 1960 బెర్లిన్ కచేరీ. పాట మధ్యలో మాటలు మర్చిపోయింది. ఆపలేదు. "మర్చిపోయాను" అన్న సంగతినే అప్పటికప్పుడు చరణం కట్టి పాడేసింది. ఆ రికార్డుకే గ్రామీ వచ్చింది. 1964లో ఫ్రాన్స్‌లో జువాన్ లె పాన్ దగ్గర సముద్రం ఒడ్డున ఆరుబయట కచేరీ. కీచురాళ్ళు ఒకటే రొద. విసుక్కోకుండా వాటి మీదే పాట అల్లేసింది. ట్రాక్ పెట్టుకుంటే కీచురాయికి జవాబు చెప్పేదెవరు?

గొంతు చెడటం గురించి కూడా ఒక మాట. ఇంకో జాజ్ గాయని బిల్లీ హాలిడే 1958లో పెద్ద వాద్యబృందంతో చేసిన రికార్డు మీద ఇవాళ్టికీ ఇదే తగాదా. గొంతు శిథిలమైపోయిందని కొందరు, అంత నిజమైన గొంతు మళ్ళీ వినలేదని కొందరు. ఆ బృందాన్ని నడిపిన రే ఎల్లిస్‌కే ముందు ఆమె పాడింది నచ్చలేదు, తర్వాత మొత్తం విని మనసు మార్చుకున్నాడు. మరుసటేడు ఆమె పోయింది. 44 ఏళ్ళే.

అద్దంకి బస్టాండు:
మేడమ్, ట్రాక్టర్ మాట ఒప్పుకుంటా. ట్రాక్ దొంగతనమే. కానీ మీరు చెప్పేవాళ్ళ వెనక మంచి మైకులు, మంచి వాద్యగాళ్ళు ఉన్నారు. ఈయనకి రెండు బొంగురు బాక్సులు, ఒక హార్మోనియం. మన పద్యానికి పైస్థాయే ప్రాణం. ఐదు నుంచి నాలుగున్నరకి దిగాక కూడా అందలేదంటే ఇంకేం మాట్లాడతాం? వయసు అర శృతి తిన్నాది.

మూడో మెట్టు (కొత్త సభ్యుడు):
నమస్కారం అండీ. ఆ రాత్రి హార్మోనియం నేనే వాయించాను. రాయకూడదనుకున్నా, టీచరమ్మ గారి కీచురాళ్ళ కథ చదివాక ఉండబట్టలేదు.

శృతి దించింది వయసు వల్ల కాదు. కరెంటు పోయింది, స్టేజీ వెనకే జనరేటర్ పెట్టారు. ఊరంతా సీరియల్ లైట్లు. ఆ లోడు లాగలేక దాని రొద కిందికి జారి నాలుగున్నర దగ్గర నిలబడింది. మేం ఐదులో ఎత్తుకోగానే రెండూ కొట్టుకుంటున్నాయి, చెవిలో దడదడ. నేను టెన్షన్ పడి హార్మోనియం బెలోస్ (గాలి తిత్తి) గట్టిగా తోశాను. పెద్దాయన కాటి కర్ర భుజాన మార్చుకుంటున్నట్టు ఇటు తిరిగి, చూపుడు వేలు కిందికి చూపించారు. అర మెట్టు దించాను. అంతే, జనరేటర్ మాకు తంబూరా అయింది. మొదటి పద్యం మొత్తం దాన్ని ఆనుకునే పాడారు. ముందు చాపల మీదవాళ్ళు వన్స్ మోర్ అన్నది దానికే, వెనక జనానికి రొద తప్ప ఏం వినపడి ఉండదు.

పై షడ్జం దగ్గర తెగింది మాత్రం ఊపిరి చాలకే. అది వయసే, అబద్ధం ఎందుకు? దిగాక ఆయనే అన్నారు, "అక్కడ తీయకుండా ఉండాల్సింది రా, కక్కుర్తి పడ్డాను" అని.

వచ్చే శనివారం కనిగిరి వైపు ఇంకో ఆట ఒప్పుకున్నాం. ఈసారి జనరేటర్ బడి వెనకాల పెట్టమని చెప్పాను. ఆయనేమో "ఎందుకు రా, ఉండనీ" అంటున్నారు.