ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ల పెన్షన్ మీద పన్ను వేయడం న్యాయమేనా?

మొదటి పోస్ట్:
అమెరికా ప్రభుత్వ పెన్షన్ పథకం సోషల్ సెక్యూరిటీ గురించి అడుగుతున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ జీతంలోంచి 6.2 శాతం కోస్తారు. ఆ కోసిన డబ్బు మీద కూడా ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టే ఉంటాం. తీరా రిటైరయ్యాక అది పెన్షన్‌గా వస్తే, వేరే ఆదాయం ఉందని మళ్లీ పన్ను! కడుపు కట్టుకుని దాచుకున్నవాడికి శిక్ష, వచ్చింది వచ్చినట్టు ఖర్చుపెట్టినవాడికి మినహాయింపు. 1984కి ముందు ఈ పన్నే లేదు. ఒకే డబ్బుకి రెండుసార్లు పన్ను కట్టడం కాదా ఇది?

జవాబు:
రెండుసార్లు అనేది కొంతవరకే నిజమండీ. మీ 6.2 శాతం మీద పన్ను కట్టారు, సరే. మీ పేరున యజమాని కట్టిన ఇంకో 6.2 శాతం మీద మీరెప్పుడూ కట్టలేదు. 1993లో పన్ను లెక్కలోకి వచ్చే భాగాన్ని 85 శాతం దాకా పెంచడానికి ఆధారం ఇదే: ఉద్యోగి సొంతంగా కట్టింది, జీవితకాలంలో అందే పెన్షన్‌లో 15 శాతం దాటదని లెక్కలు తేల్చాయి. అందుకే ఎంత డబ్బున్నవాళ్లకైనా ఆ 15 శాతం జోలికి రారు.

85 శాతం అంటే పన్ను రేటు కాదు, చాలామంది ఇక్కడే కంగారుపడతారు. పెన్షన్‌లో అంత భాగాన్ని ఆదాయంలో కలిపి, మామూలు శ్లాబు ప్రకారమే పన్ను వేస్తారు. వసూలైంది సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) నిధులకే పోతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు ప్రతి నెలా పన్ను కడుతుంటే, అతనికి మూడింతలు ఆదాయం ఉన్న పెద్దాయన పెన్షన్‌కి పూర్తి మినహాయింపు ఎందుకివ్వాలి?

మరో జవాబు:
సూత్రం వరకు నేనూ పై జవాబుతోనే. నా అభ్యంతరమంతా "ఎక్కువ ఆదాయం" అన్న మాట మీదే. ఈ పన్ను మొదలవడానికి 1983 చట్టం పెట్టిన ఆదాయ పరిమితి ఒంటరివాళ్లకి 25,000 డాలర్లు, దంపతులకి 32,000. 85 శాతం మెట్టు 34,000, 44,000 దగ్గర మొదలవుతుంది. ఇన్నేళ్లుగా ఆ అంకెలు అవే! ధరలతో పాటు పెన్షన్ పెరుగుతుంది, పరిమితి మాత్రం కదలదు. మొదట్లో పదిమందిలో ఒకరికి కూడా తగలని పన్ను, ఇప్పుడు దాదాపు సగం మందికి తగులుతోంది.

ఒక్క లెక్క చూడండి. 85 శాతం మెట్టు దాటి, 12 శాతం శ్లాబులో ఉన్న ఒకావిడ ఇంటి పైకప్పు కారుతోందని రిటైర్మెంట్ ఖాతాలోంచి 1,000 డాలర్లు తీసింది. ఆ వెయ్యితో పాటు పెన్షన్‌లోంచి ఇంకో 850 పన్ను లెక్కలోకి వస్తుంది. 120 కట్టాల్సిన చోట 222 కట్టాలి. ఈవిడ సంపన్నురాలా?

మొదటి పోస్ట్ రాసినవారు:
యజమాని వాటా సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ 2025లో 65 దాటినవాళ్లకి 6,000 డాలర్ల అదనపు మినహాయింపు ఇచ్చారు కదా, ఆవిడకి అది సరిపోదా?

మరో జవాబు రాసినవారు:
కొంత ఊరటే, కాదనను. కానీ అది 2028 వరకే. పైగా పాత పరిమితులను ముట్టుకోలేదు. కెనడాలో ఓల్డ్ ఏజ్ సెక్యూరిటీ పెన్షన్‌ని పరిమితి దాటిన ఆదాయంపై 15 శాతం చొప్పున వెనక్కి తీసుకుంటారు. అయితే ఆ పరిమితిని ఏటా ధరలతో పాటు పెంచుతారు. నిజంగా బాగా ఉన్నవాళ్ల దగ్గరే వసూలు చేయాలంటే అలాగే చేయాలి.

ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు. దంపతుల్లో ఒకరు పోతే, రెండు పెన్షన్లలో పెద్దది మాత్రమే మిగులుతుంది. ఇంటి ఖర్చు మాత్రం సగమవదు. సరిగ్గా ఆ మరుసటి ఏడాది నుంచే పరిమితి 32,000 నుంచి 25,000కి దిగిపోతుంది. భర్త పేరు లేకుండా మొదటిసారి రిటర్న్ నింపుతున్న ఆవిడని ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్లలో ఎలా కలుపుతామండీ?