పిస్టల్ తూటాలు తినే రివాల్వర్: అవసరమా, ముచ్చటా?

డాలస్‌బుజ్జి:
ఇంట్లో 9 ఎం.ఎం. పిస్టల్ ఉంది. అవే తూటాలు పడతాయని రూగర్ ఎల్‌సీఆర్ 9 ఎం.ఎం. రివాల్వర్ మీద మనసు పడ్డాను. రివాల్వర్లకి మామూలుగా వాడే .38 స్పెషల్ తూటాల డబ్బా రేటు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. షాపతను మాత్రం "రివాల్వరే కావాలంటే .38 తీసుకో, ప్రయోగాలొద్దు" అన్నాడు. ఏమంటారు?

పాతఇనుము:
ప్రయోగమేమీ కాదు బుజ్జీ, వందేళ్ళ నాటి తంటా. రివాల్వర్ తూటాకి అడుగున అంచు బయటికొచ్చి ఉంటుంది. తూటాని సిలిండర్ (తూటాలు నింపే గుండ్రటి తిరుగుడు భాగం) గదిలో లోపలికి జారిపోకుండా ఆపేదీ, ఖాళీ గుల్లని బయటికి నెట్టేటప్పుడు పట్టు దొరికేదీ దానివల్లే. పిస్టల్ తూటాకి ఆ అంచు లేదు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగితే .45 పిస్టళ్ళు చాల్లేదు. కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ తమ రివాల్వర్లనే ఆ పిస్టల్ తూటాకి, అంటే .45 ఏసీపీకి మార్చి, మూడేసి తూటాలు పట్టే అర్ధచంద్రం రేకులు జోడించి ఇచ్చాయి. అదే ఎం1917. తొలి కోల్ట్‌లలో గది లోపల మెట్టు కూడా లేదు, రేకు లేకపోతే తూటా లోపలికి జారడమే. ఆ రేకుల పోరు పడలేని వాళ్ళకోసం 1920లో పీటర్స్ కంపెనీ అంచున్న .45 ఆటో రిమ్ అని వేరే తూటాయే చేసింది. పిస్టల్ తూటా కోసం రివాల్వర్, ఆ రివాల్వర్ కోసం ఇంకో తూటా. కౌపీన సంరక్షణార్థం అంటే ఇదే!

రేంజ్‌రాముడు:
అన్నా, మీరు తిడుతున్న రేకే దీని అసలు బలం. ఇప్పుడు అర్ధచంద్రం బదులు పూర్తి గుండ్రటి రేకులు, మూన్ క్లిప్పులొచ్చాయి, సిలిండర్‌లో పట్టే తూటాలన్నీ ఒకే గుత్తి. 1999లో పోటీ షూటర్ జెర్రీ మిక్యులెక్ స్మిత్ అండ్ వెస్సన్ 625 రివాల్వర్‌తో ఆరు కాల్చి, నింపి, మళ్ళీ ఆరు కాల్చడానికి పట్టింది 2.99 సెకన్లు. పైగా 9 ఎం.ఎం. గుల్ల పొడవు 19 మి.మీ., .38ది 29. పొట్టి రివాల్వర్‌లో .38 గుల్లలు సగంలో ఇరుక్కుంటాయి, ఇవి గుత్తిగా రాలిపోతాయి.

పాతఇనుము:
మిక్యులెక్ పోటీకి బెల్టు మీద పెట్టుకుంటాడయ్యా, బుజ్జి ప్యాంటు జేబులో వేసుకుంటాడు. తాళాల గుత్తి పక్కన ఆ రేకు కాస్త వంగిందా, సిలిండర్ తిరగదు. ఇంకోటి, తేలిక తుపాకీ ఎగిరిపడే జోరుకి ఇంకా కాల్చని తూటాల్లో గుండు ముందుకు పాకుతుంది. పిస్టల్ తూటాకి గుల్ల మూతి దగ్గర గుండుని పట్టి ఉంచే నొక్కు తక్కువ. గుండు సిలిండర్ దాటి బయటికొస్తే అంతే, బిగుసుకుపోతుంది. పిస్టల్ జామైతే స్లైడ్ లాగి వదులుతాం, ఇక్కడేం లాగుతావు?

రేంజ్‌రాముడు:
అందుకే ముందు తాను వాడబోయే తూటాతో పరీక్షించుకోవాలి. నాలుగు కాల్చి, మిగిలిన ఐదో తూటాలో గుండు ఎంత పాకిందో చూస్తే తెలిసిపోతుంది. జేబు సంగతి మాత్రం ఒప్పుకుంటా.

గుంటూరోడు:
మీకేం బాబూ! ఇక్కడ ఇండియాలో 9 ఎం.ఎం. నిషిద్ధ బోర్, మామూలు లైసెన్సుకి రాదు. లైసెన్సున్నవాళ్ళకి .32. అందులోనూ సర్కారు ఫ్యాక్టరీ రివాల్వర్‌ది ఒక తూటా, పిస్టల్‌ది ఇంకో తూటా. పేరులోనే చుట్టరికం.

డాలస్‌బుజ్జి:
నిన్న రేంజ్‌లో అద్దెకి తీసుకుని యాభై కాల్చాను. కాల్చడం హాయిగానే ఉంది. రేకుల్లోంచి ఖాళీ గుల్లలు పీకేసరికి గోళ్ళు ఊడాయి, దానికో పనిముట్టు అమ్ముతారని తర్వాత తెలిసింది. జేబుకి .38 అనుకుంటున్నా. కానీ పక్క వరసలో ఒకాయన 625 కాలుస్తున్నాడు, అదొక్కసారి చేతికిచ్చాడు... రాముడూ, దాని క్లిప్పులు ఒకేసారి ఎన్ని కొంటావు?