క్లచ్ పట్టకుండా గేర్ మారిస్తే గేర్‌బాక్స్ పాడవుతుందా?

రెండుచక్రాలు:
బండి 150 సీసీ, ఐదు గేర్లు. ఒకటి కిందికి, మిగతా నాలుగూ పైకి. మూడు నుంచి నాలుగుకి, నాలుగు నుంచి ఐదుకి క్లచ్ పట్టకుండా యాక్సిలరేటర్ ఒక్క క్షణం వదిలి లివర్ ఎత్తితే మెత్తగా పడిపోతోంది. ఒకటి నుంచి రెండుకి మాత్రం టంగుమని కొడుతోంది, ఒక్కోసారి న్యూట్రల్‌లో ఆగిపోతోంది. గేర్లు దించబోతే లివర్ అసలు కదలదు. ఇలా చేస్తే క్లచ్ ప్లేట్లు మిగులుతాయని కొందరు, గేర్‌బాక్స్ పోతుందని కొందరు అంటున్నారు. లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

షిఫ్ట్‌డ్రమ్:
బండి గేర్‌బాక్స్‌లో గేర్ మార్చినప్పుడు ఒక చక్రం పళ్లు ఇంకో చక్రం పళ్లలోకి వచ్చి దిగవండి. అన్ని జతలూ ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి, కాన్‌స్టంట్ మెష్ అంటే అదే. ప్రతి జతలో ఒక గేర్ షాఫ్ట్ మీద వదులుగా తిరుగుతుంటుంది. దాని పక్కన ఉండే గేర్ షాఫ్ట్ గాళ్ల మీద అటూ ఇటూ జరుగుతుంది, దాని పక్క ముఖం మీద దిట్టమైన బొడిపెలు ఉంటాయి. వాటినే డాగ్స్ అంటారు. మీరు లివర్ కదిపితే గాళ్లు కోసిన ఒక డ్రమ్ తిరుగుతుంది, డ్రమ్ గాడిలో నడిచే ఫోర్క్ (రెండు కొసల ఇనుప ముక్క) ఆ గేర్‌ని పక్కకి తోస్తుంది, డాగ్స్ వెళ్లి పక్క గేర్ గంటుల్లో కూర్చుంటాయి. అరిగేది, విరిగేది ఈ డాగ్సూ ఫోర్కులే.

ఇంజన్ లాగుతున్నంతసేపూ డాగ్స్ ఒక వైపుకి బిగుసుకుని ఉంటాయి. చాలా బండ్లలో వాటి ముఖాలను కొన్ని డిగ్రీలు లోపలికి వాలుగా కోస్తారు, లోడ్ పడేకొద్దీ ఇంకా దగ్గరకి లాక్కునేలా. అందుకే నిండు యాక్సిలరేటర్‌లో లివర్ ఎంత లాగినా గేర్ ఊడి రాదు. క్లచ్ పడితే ఆ బిగువు సడలుతుంది, పట్టినంతసేపూ సడలే ఉంటుంది. యాక్సిలరేటర్ చటుక్కున వదిలినా సడలుతుంది కానీ కన్ను మూసి తెరిచేంతసేపే. ఆ తర్వాత చక్రమే ఇంజన్‌ని తిప్పడం మొదలుపెడుతుంది, డాగ్స్ రెండో వైపుకి వెళ్లి మళ్లీ బిగుసుకుంటాయి.

కాబట్టి కాలు ముందు, చెయ్యి తర్వాత. యాక్సిలరేటర్ ఇస్తూనే పాదంతో లివర్‌ని కొద్దిగా పైకి ఒత్తి పట్టండి, గేర్ పడదు, పడకూడదు కూడా. అప్పుడు యాక్సిలరేటర్ కొంచెం వెనక్కి తిప్పి వెంటనే మళ్లీ ఇవ్వండి, పూర్తిగా మూయక్కర్లేదు. పాదం మీద లివర్ దానంతటదే జారి టక్కున పడుతుంది. పడగానే కాలు తీసేయండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు: ముందు యాక్సిలరేటర్ వదిలేసి ఆనక తీరిగ్గా లివర్ ఎత్తుతారు. అప్పటికి ఆ సందు దాటిపోయి ఉంటుంది.

ఒకటి, రెండు మధ్య టంగుమనడానికి కారణం లెక్కలోనే ఉంది. ఉదాహరణకి మొదటి గేర్ నిష్పత్తి 2.8, రెండోది 1.9 అనుకోండి. 5,000 ఆర్‌పీఎం దగ్గర మారిస్తే ఇంజన్ దాదాపు 3,400కి దిగాలి. అదే నాలుగు 1.2, ఐదు 1.0 అయితే 5,000 నుంచి సుమారు 4,170కి దిగితే చాలు. తేడా ఎంత ఎక్కువైతే డాగ్స్ అంత వేగపు తేడాతో గుద్దుకుంటాయి. పైగా ఒకటికీ రెండుకీ నడుమ న్యూట్రల్ ఉంది, లివర్ పూర్తిగా ఎత్తకపోతే అక్కడే ఆగిపోతుంది. మామూలుగా అక్కడ క్లచ్ పట్టాల్సిందే.

పాతఫోర్క్:
పైన చెప్పినదంతా సరైనదే. కానీ రోజూ తిరిగే బండికి దీనివల్ల లాభం ఏమీ లేదని నా గట్టి అభిప్రాయం. క్లచ్ ప్లేట్లు అరిగేది నడుస్తూ గేర్ మార్చినప్పుడు కాదు, ఆగిన చోటు నుంచి కదిలేటప్పుడు, ఎత్తు మీద హాఫ్ క్లచ్‌లో బండిని నిలబెట్టినప్పుడు. మిగిలేది లేనప్పుడు పణంగా పెట్టడం ఎందుకు? ప్లేట్లు మార్చాలంటే క్లచ్ కవర్ విప్పితే చాలు. డాగ్స్ అరిగితే చాలా ఇంజన్లలో క్రాంక్‌కేస్ రెండుగా విడదీయాలి.

అరుగుదల ఎలా బయటపడుతుందంటే, డాగ్స్ మూలలు గుండ్రబడ్డాక గట్టిగా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు గేర్ జారిపోతుంది, సాధారణంగా ఎప్పుడూ ఒకటే గేర్. అది తిరిగి బాగుపడదు, రోజురోజుకీ పెరుగుతుంది. లివర్ మీద కాలు ఆన్చి నడిపేవాళ్ల బండి విప్పితే ఫోర్క్ కొసలు గేర్ గాడికి రాసుకుని నీలంగా కాలి కనిపిస్తాయి. పల్చబడిన ఫోర్క్ గేర్‌ని చివరిదాకా తోయలేదు, డాగ్స్ సగమే కూర్చుంటాయి, అక్కడి నుంచి అన్నీ పాడవుతాయి.

మీరు ముందు క్లచ్ సరిగా విడిపోతోందో లేదో చూసుకోండి. క్లచ్ లివర్ కొస దగ్గర ఆట (వైర్ బిగిసేలోపు లివర్ ఖాళీగా కదిలే దూరం) 10 నుంచి 20 మి.మీ. మధ్య ఉండటం మామూలు, మీ బండి కొలత మాన్యువల్‌లో ఉంటుంది. ఆట ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు: ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ పడదు, క్లచ్ పట్టినా బండి ముందుకి పాకుతుంది. అసలు ఆట లేకపోతే క్లచ్ జారుతుంది. ఇంజన్ ఆయిల్ జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉన్నదే పోయండి, ఆయిల్‌లో మునిగి పనిచేసే క్లచ్‌కి ఆ గ్రేడ్ కావాలి.

రెండుచక్రాలు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. మరి గేర్లు దించేటప్పుడు? క్విక్‌షిఫ్టర్ ఉన్న బండ్లలో దించడానికీ క్లచ్ అక్కర్లేదంటున్నారు కదా. దారిలో క్లచ్ వైర్ తెగితే ఏం చేయాలో కూడా చెప్పండి.

షిఫ్ట్‌డ్రమ్:
దించేటప్పుడు అంతా తలకిందులు. యాక్సిలరేటర్ మూసి ఉంటుంది కాబట్టి డాగ్స్ ఇంజన్ బ్రేకింగ్ వైపు బిగుసుకుని ఉంటాయి. లివర్ కిందికి ఒత్తి పట్టి యాక్సిలరేటర్ చిన్నగా ఒక్కసారి ఇస్తే సడలి కింది గేర్ పడుతుంది. తక్కువ ఇస్తే సడలదు, ఎక్కువ ఇస్తే బండి ముందుకి దూకుతుంది, అదీ బ్రేక్ పట్టిన చేత్తోనే చేయాలి. క్విక్‌షిఫ్టర్‌లో లివర్ మీది ఒత్తిడిని సెన్సార్ పసిగడుతుంది, గేర్ ఎక్కించేటప్పుడు ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) సెకనులో పదో వంతుకి లోపే ఇంజన్ బలం ఆపి మళ్లీ ఇస్తుంది. దించేటప్పుడు తనే థ్రాటిల్ తెరుస్తుంది, అందుకు ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (వైర్‌తో కాక మోటారుతో తెరుచుకునేది) కావాలి. మీ బండికి దించడం క్లచ్‌తోనే చేయండి.

పాతఫోర్క్:
వైర్ తెగితే: న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, కాళ్లతో తోసుకుంటూ బండిని నడక కంటే కొంచెం వేగంగా కదిలించి, మొదటి గేర్ ఒక్క దెబ్బకి గట్టిగా వేయండి. పల్లం ఉంటే ఇంకా సులువు. భయంభయంగా నొక్కితే కర్రుమంటుంది, గేర్ పడదు. రెండో గేర్‌కి టంగుమన్నా సరే, క్లచ్ లేకుండానే పైన చెప్పిన పద్ధతిలో వేయాలి, ఆపైన పోవద్దు. ఆగాలంటే నెమ్మదించి, బండి ఇంకా కదులుతుండగానే రెండు నుంచి న్యూట్రల్‌కి తట్టండి. పడకపోతే కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే స్విచ్) నొక్కి బ్రేక్ వేయండి. కొన్ని బండ్లు న్యూట్రల్‌లో ఉన్నా క్లచ్ లివర్ నొక్కితే తప్ప స్టార్ట్ కావు, వైర్ తెగినా లివర్ నొక్కండి, స్విచ్ లివర్ దగ్గరే ఉంటుంది. జనం, సిగ్నళ్లు ఉన్న దారిలో ఈ పని వద్దు, తోసుకెళ్లడమే మేలు.

వైర్ ఒక్కసారిగా తెగదు. క్లచ్ లివర్ లోపల వైర్ చివరి బొడిపె పక్కన ఒక్కో పోగే లేస్తుంది. లివర్ పూర్తిగా నొక్కి ఆ సందులోకి చూడండి. ఒక్క పోగు పైకి లేచినా ఆ వారంలోనే మార్చేయండి.