విమోచన వేదాంతం అంటే మార్క్సిజమేనా?

ప్రశ్న:
లాటిన్ అమెరికా చరిత్ర చదువుతుంటే ఎక్కడ చూసినా ఈ లిబరేషన్ థియాలజీ (విమోచన వేదాంతం), అంటే పేదల విముక్తే క్రైస్తవ విశ్వాసానికి గుండెకాయ అనే ఆలోచన, తగులుతోంది. అది మార్క్సిజమే, పైన బైబిల్ కప్పారంతే అని మా స్టడీ సర్కిల్‌లో ఒకాయన గట్టిగా వాదిస్తున్నారు. దేవుణ్ణే ఒప్పుకోని మార్క్స్‌తో ఫాదర్లకు ఎలా కుదిరిందండీ?

జవాబు 1:
పూర్తిగా కుదరలేదు, కుదిరినంత తీసుకున్నారు. పెరూ ఫాదర్ గుస్తావో గుతియెరెజ్ 1971లో ఈ వేదాంతం మీద తన పుస్తకం తెచ్చేనాటికి అక్కడ డిపెండెన్సీ సిద్ధాంతం జోరు మీదుంది. పేద దేశాలు వాటంతటవే వెనకబడలేదు, సంపన్న దేశాలు బాగుపడిన తీరే వీటిని వెనక్కి నెట్టింది అంటుందది. పేదరికం తలరాత కాదని చూపించడానికి ఆయనకు ఆ విశ్లేషణ పనికొచ్చింది. దేవుడు పేదల పక్షం అన్న మాట మాత్రం మార్క్స్ దగ్గర నేర్చుకున్నది కాదు, ఐగుప్తు రాజు ఫరో కింద వెట్టిచాకిరీ చేసినవాళ్ల మొర దేవుడు విన్నాడని బైబిల్లోని నిర్గమకాండంలోనే ఉంది కదా.

జవాబు 2:
పుస్తకాలు పక్కనపెట్టి బ్రెజిల్ పల్లెలు చూడండి. ఫాదర్లు చాలక నెలల తరబడి పూజ జరగని ఊళ్లలో జనమే గుంపుగా కూర్చుని బైబిల్లో ఓ భాగం చదివేవాళ్లు, ఆ తర్వాత మన ఊళ్లో ఫరో ఎవరు అన్న మాట వచ్చేది, దాంతో భూమి, నీళ్లు, కూలి రేటు అన్నీ చర్చకొచ్చేవి. సైనిక పాలనలో యూనియన్లను అణిచేసిన రోజులవి, నలుగురు కూడి మాట్లాడుకునే చోటు చాలామందికి అదొక్కటే. ఎల్ సాల్వడార్ ఆర్చిబిషప్ రొమేరో అయితే మార్క్సిస్టే కాదు. జనాన్ని చంపడం ఆపండని సైనికుల్ని వేడుకున్న మర్నాడే, 1980 మార్చి 24న, పూజ చేస్తుండగా కాల్చేశారు. కమ్యూనిస్టు అనే ముద్ర అక్కడ ఎవరికి పనికొచ్చిందో ఆలోచించండి.

జవాబు 3:
వాటికన్ వాదన కూడా తీసిపారేయలేం. మార్క్స్ విశ్లేషణ వరకే తీసుకుని మిగతాది వదిలేస్తామంటే కుదరదు, నాస్తికత్వం, వర్గపోరాటం దాని వెంటే వస్తాయని 1984లో అక్కడ సిద్ధాంత వ్యవహారాలు చూసే కార్డినల్ రాట్జింగర్ (తర్వాత పోప్ బెనెడిక్ట్) ఇచ్చిన పత్రం హెచ్చరించింది. కొలంబియా ఫాదర్ కమీలో టోరెస్ గెరిల్లాల్లో చేరి 1966లో పోరులోనే చనిపోయాడు కాబట్టి ఆ భయం ఉత్తది కాదు. కానీ 1985లో బ్రెజిల్ ఫాదర్ లియోనార్డో బోఫ్ నోరు మూయించింది ఏ పుస్తకానికి? చర్చి లోపలి అధికారాన్ని ప్రశ్నించినందుకు. మార్క్స్ కన్నా అదే వాళ్లను ఎక్కువ కలవరపెట్టిందని నా నమ్మకం.

ఇంకోటి, మనవాళ్లు తప్పక చదవాల్సింది దళిత వేదాంతం, అంటే దళితుల అనుభవం నుంచి క్రైస్తవ విశ్వాసాన్ని చూసేది. లాటిన్ అమెరికా నుంచి వచ్చిన వర్గ విశ్లేషణకు కులం కనపడలేదని 1980ల్లో మన దేశపు క్రైస్తవ వేదాంతి అరవింద్ నిర్మల్ లాంటివాళ్లు నిలదీశారు. మన చర్చిల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లే, ఆ ప్రశ్న మనకింకా దగ్గరది.