వెనక్కి తీసుకున్న స్టడీ మీద నిలబడ్డ సలహాను ఎలా గుర్తుపట్టాలి?

మా అమ్మకు 78 ఏళ్లు. తుంటి ఎముక ఆపరేషన్ చేయాలంటున్నారు. నాకు ఒకటే టెన్షన్, దొరికిందల్లా చదువుతున్నాను. అలా జర్మనీ మత్తు డాక్టరు యోఆఖిమ్ బోల్ట్ సంగతి తెలిసింది. ఆపరేషన్లలో ఎక్కించే స్టార్చ్ ద్రవాన్ని సమర్థిస్తూ ఆయన చాలా పరిశోధన పేపర్లు రాశారు. రోగుల మీద పరిశోధనకు తీసుకోవాల్సిన ఎథిక్స్ కమిటీ అనుమతులకు ఆధారాల్లేవని 2011లో ఆయన పేపర్లు 80కి పైగా వెనక్కి తీసుకుంటున్నట్టు జర్నళ్లు ప్రకటించాయి. 2013లో ఆయన ట్రయల్స్ పక్కన పెట్టి మిగతావాటి లెక్క చూస్తే, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లలో ఆ ద్రవం వల్ల మరణాలు, కిడ్నీ దెబ్బతినడం ఎక్కువేనని తేలింది. అది చదివి గుండె ఝల్లుమంది.

నేను దాచుకున్న పాత పీడీఎఫ్ ఒకటి మామూలుగానే ఉంది. అదే పేపరు జర్నల్ సైటులో తెరిస్తే పేజీకి అడ్డంగా ‘రిట్రాక్టెడ్’ (వెనక్కి తీసుకున్నాం) అని పెద్ద ఎర్రటి అక్షరాలు!

వైద్య పరిశోధన పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైటులో పేపరు పేరు కొట్టి చూస్తున్నాను. కానీ అలాంటి పేపర్లను కలుపుకుని రాసిన రివ్యూలు, గైడ్‌లైన్లు తర్వాత సరిదిద్దారో లేదో ఎక్కడ తెలుస్తుంది? పెద్ద వయసువాళ్ల ఆపరేషన్ల గురించి తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. మత్తు డాక్టరుగారిని, ఆయన నొచ్చుకోకుండా, ఏమేం అడగాలి?