రిక్కార్డో కలాఫియోరి తొలి ఏళ్ళు: లెఫ్ట్ బ్యాక్‌ను సెంటర్‌బ్యాక్‌గా మార్చడంపై మీ అనుభవాలు చెప్పండి (చర్చ)

సీమ కోచ్:
అందరికీ నమస్కారం. నేను కర్నూలు జిల్లాలో పాఠశాల స్థాయి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. మా జట్టులో ఎడమకాలి వాటం ఉన్న పదహారేళ్ళ కుర్రాడు ఒకడు చిన్నప్పటి నుంచీ లెఫ్ట్ బ్యాక్‌గా (రక్షణ వరుసలో ఎడమ అంచున) ఆడుతున్నాడు. ఈ మధ్య బాగా పొడుగు పెరిగాడు, ఆటను ముందుగానే పసిగడతాడు, కాబట్టి సెంటర్‌బ్యాక్‌గా (రక్షణ వరుస మధ్యలో) ఆడించాలని నాకు ఉంది. అయితే పక్క గీత వెంబడి పరుగెత్తే స్వేచ్ఛ పోతుందని, వెనక నిలబెట్టడం తనను తగ్గించడమేనని అతను బాధపడుతున్నాడు. అతనికి చూపించడానికి ఇటలీ డిఫెండర్ కలాఫియోరి కన్నా మంచి ఉదాహరణ నాకు తోచలేదు. యూరప్ దేశాల కప్ అయిన యూరో 2024లో అతణ్ణి చూసినవారు చాలామందే ఉంటారు కానీ, అంతకు ముందు నడిచిన దారి చాలామందికి తెలియదు. రోమా, జెనోవా, బాసెల్, బొలోన్యా రోజుల్లో అతని ఆట చూసినవారు, ఇలాంటి మార్పును స్వయంగా ఎదుర్కొన్నవారు తమకు తెలిసినది వివరంగా రాయగలరని మనవి.

రోమా పక్షం:
కోచ్ గారూ, మంచి ప్రశ్న వేశారు. అతను 2002 మే 19న రోమ్ నగరంలోనే పుట్టాడు, రోమా క్లబ్ అకాడమీలోనే పెరిగాడు. సొంత ఊరి పిల్లవాడు సొంత ఊరి చొక్కా వేసుకుంటే రోమా అభిమానులు అతణ్ణి ఎంతగా నెత్తిన పెట్టుకుంటారో అలాగే పెరిగిన టొట్టి, డి రోస్సిలను చూసినవారికి చెప్పనక్కరలేదు. కలాఫియోరి మీద కూడా అలాంటి ఆశలే ఉండేవి. 2018 అక్టోబరు 2న యువ జట్ల ఛాంపియన్స్ లీగ్‌లో విక్టోరియా ప్లజెన్‌తో ఆడుతుండగా ఎడమ మోకాలు దారుణంగా దెబ్బతింది. లిగమెంట్లు, మెనిస్కస్ (మోకాలిలోని మెత్త), కీలు చుట్టూ ఉండే పొర అన్నీ ఒకేసారి చిరిగిపోయాయి. అప్పటికి అతనికి పదహారేళ్ళు. అదే రాత్రి పెద్దల జట్టు అదే ప్లజెన్ మీద 5-0తో గెలిచింది. అందులో మూడు గోల్స్ కొట్టిన జెకో ఆ హ్యాట్రిక్‌ను ఈ కుర్రాడికే అంకితమిచ్చాడు. ఆ సంగతి నాకు ఇప్పటికీ మనసును తాకుతుంది.

కోలుకుని తిరిగి ఆడడానికి ఏడాది దాకా పట్టింది. ఫోన్సెకా శిక్షకుడిగా ఉన్నప్పుడు, 2020 ఆగస్టు 1న, సీజన్ చివరి మ్యాచ్‌లో, యువెంటస్ మీద సెరీ ఆలో (ఇటలీ అగ్రశ్రేణి లీగ్‌లో) తొలిసారి ఆడాడు. ఆ మ్యాచ్‌ను రోమా 3-1తో గెలిచింది. అదే ఏడాది డిసెంబరులో యూరోపా లీగ్‌లో యంగ్ బాయ్స్ మీద పెనాల్టీ బాక్స్ బయటి నుంచి ఎడమకాలితో కొట్టిన గోల్ చూసి, ఇక రోమా లెఫ్ట్ బ్యాక్ స్థానం ఇతనిదేనని మేమంతా అనుకున్నాం. తర్వాత శిక్షకుడిగా మొరిన్యో వచ్చాడు. 2021 అక్టోబరు 21న నార్వేలో బోడో గ్లిమ్ట్ చేతిలో రోమా 6-1తో చిత్తుగా ఓడిపోయింది. సాధారణంగా బెంచ్ మీద ఉండేవారికి ఆ రోజు అవకాశం ఇచ్చారు, వారిలో కలాఫియోరి కూడా ఉన్నాడు. మ్యాచ్ అయ్యాక మొరిన్యో తన జట్టులో ప్రధాన ఆటగాళ్ళకూ మిగిలినవారికీ ఎంతో అంతరం ఉందని అందరి ముందే అన్నాడు. జట్టు మొత్తం చితికిపోయిన రాత్రి భారం పందొమ్మిదేళ్ళ కుర్రాడి మీద కూడా పడడం న్యాయం కాదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఆ తర్వాత అక్కడ అతనికి అవకాశాలు దాదాపుగా మూసుకుపోయాయి.

విశాఖ ఫిజియో:
వృత్తిరీత్యా నేను ఫిజియోథెరపిస్టును, క్రీడాకారుల మోకాళ్ళ గాయాలతోనే నా పని. పైన చెప్పిన గాయం మామూలు ఏసీఎల్ (మోకాలి లోపలి ముఖ్య లిగమెంటు) చిరుగు కాదు. ఒక్క ఏసీఎల్ తెగినా, శస్త్రచికిత్స తర్వాత తొమ్మిది నెలలు నిండకుండా మైదానంలోకి దిగితే మళ్ళీ గాయపడే ముప్పు బాగా పెరుగుతుంది. ఎక్కువ లిగమెంట్లు తెగినచోట ఏ తొందరా పనికిరాదు. తొడ ముందు కండరం బలం రెండో కాలి బలంతో ఇంచుమించు సమానమయ్యిందా, ఒంటికాలి మీద గెంతి దిగినప్పుడు మోకాలు లోపలికి వంగుతోందా అని పరీక్షించి చూశాకే మేము అనుమతి ఇస్తాం. అతనికి దెబ్బ తగిలింది బంతిని కొట్టే ఎడమ కాలికే. ఆ కాలితోనే రెండేళ్ళ తర్వాత అంత దూరం నుంచి గోల్ కొట్టాడంటే, ఆ పునరావాసం ఎంత శ్రద్ధగా జరిగి ఉండాలో నేను ఊహించగలను.

కోచ్ గారికి నా తరఫున ఒక మాట. మీ కుర్రాడు ఈ మధ్యే పొడుగు పెరిగాడన్నారు. ఎముక వేగంగా పెరిగే కాలంలో కండరాలు, శరీర సమతూకం కాస్త వెనకబడతాయి. అతణ్ణి ఏ స్థానంలో ఆడించినా, ఈ ఏడాది దూకి దిగడం, ఆగి మళ్ళడం వంటి కదలికలను సరిచేసే వ్యాయామాలను ప్రతి శిక్షణలోనూ పెట్టండి.

రైన్ ఒడ్డు:
నేను బాసెల్‌లో మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. ఇక్కడికి వచ్చాకే ఎఫ్‌సీ బాసెల్ మ్యాచ్‌లకు వెళ్ళడం అలవాటయింది, కాబట్టి కలాఫియోరిని దగ్గరగా చూసిన సంగతులు రాస్తాను.

జెనోవాకు లోన్ మీద (తాత్కాలికంగా) వెళ్ళిన ఆరు నెలల్లో అతనికి దక్కినవి కొద్ది మ్యాచ్‌లే, పైగా ఆ జట్టు రెండో శ్రేణికి దిగిపోయింది. 2022 ఆగస్టు ఆఖరున రోమా అతణ్ణి ఇక్కడికి అమ్మేసింది. వార్తల్లో వచ్చిన ధర పదిహేను లక్షల యూరోల చుట్టూ ఉంది, అంటే ఆ స్థాయి ఆటలో చాలా తక్కువ మొత్తం. ఇటలీలో కొందరు అప్పుడే దీన్ని వెనకడుగుగా లెక్కగట్టారు. మొదట్లో ఇక్కడ కూడా లెఫ్ట్ బ్యాక్‌గానే ఆడాడు. 2023 ఫిబ్రవరిలో శిక్షకుడు అలెగ్జాండర్ ఫ్రైని తొలగించి, హైకో ఫోగెల్ పగ్గాలు చేపట్టాక ముగ్గురు డిఫెండర్ల వరుసలో ఎడమ వైపు స్థానం ఇతనికి దొరికింది. అసలు మార్పు అక్కడే జరిగిందని నా గట్టి నమ్మకం.

స్టేడియంలో కూర్చుని చూస్తే కనబడేవి టీవీలో కనబడవు. బంతి తన దగ్గరకు రాకముందే అతను ఒకసారి ఎడమ భుజం మీదుగా, ఒకసారి కుడి భుజం మీదుగా వెనక్కి చూసేవాడు. బంతి అందే సమయానికి శరీరం సగం పక్కకు తిరిగి ఉండేది, దాంతో మొదటి స్పర్శలోనే బంతి ముందుకు పోయేది. లెఫ్ట్ బ్యాక్‌కు ఒక పక్కన గీత ఉంటుంది, కాబట్టి సగం మైదానాన్నే గమనించుకుంటే సరిపోతుంది. లోపలికి వచ్చాక నాలుగు వైపులా చూడాలి. ఆ అలవాటు ఒక్కొక్క మ్యాచ్‌కూ అతనిలో పెరగడం నేను చూశాను. తప్పులు కూడా ఉండేవి. అనవసరంగా ముందుకు దూకి, వెనక ఖాళీ వదిలేసిన సందర్భాలు గుర్తున్నాయి. కానీ ఇక్కడ అలాంటి తప్పు చేస్తే వచ్చే ఆదివారం మళ్ళీ ఆడనిచ్చేవారు.

ఆ సీజన్లో లీగ్‌లో మా జట్టు ఐదో స్థానంతో సరిపెట్టుకున్నా, యూరప్ క్లబ్బుల టోర్నమెంటు అయిన కాన్ఫరెన్స్ లీగ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్ళింది. ఫ్లోరెన్స్‌లో మొదటి మ్యాచ్ 2-1తో గెలిచి వచ్చాక, ఇక్కడ మా స్టేడియం సాంక్ట్ యాకోబ్ పార్క్‌లో రెండో మ్యాచ్ అదనపు సమయం చివరి క్షణాల్లో బరాక్ కొట్టిన గోల్‌తో ఫియోరెంటీనా ఫైనల్‌కు వెళ్ళిపోయింది. ఆ రాత్రి స్టేడియం నుంచి బయటికి నడవడానికి కాళ్ళు రాలేదు. అయినా ఇరవై ఒక్క ఏళ్ళు నిండకముందే యూరప్ సెమీఫైనల్ ఒత్తిడిలో ఆడిన అనుభవం ఇటలీ బెంచీల మీద అతనికి దొరికేది కాదు.

అడ్డుగోడ:
పై సోదరుని మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి ఇటలీ పద్ధతి కూడా ఒక కారణమని చేర్చాలనుకుంటున్నాను. అక్కడ ప్రీమవేరా అనే యువ లీగ్‌కూ సెరీ ఆకూ మధ్య చాలాకాలం వంతెన లేదు. పెద్ద క్లబ్బుల రెండో జట్లను మూడో శ్రేణిలో ఆడనివ్వడం 2018లో యువెంటస్‌తోనే మొదలైంది, ఇతర క్లబ్బులు ఆ దారి పట్టడానికి మరికొన్నేళ్ళు పట్టింది. అందువల్ల ప్రతి కుర్రాడూ లోన్ల మీదే ఆధారపడాలి. ఇటలీ డిఫెండర్ బాస్టోనికి అది కలిసివచ్చింది. అటలాంటా నుంచి ఇంటర్ కొన్నాక పార్మాలో ఒక సీజన్ క్రమం తప్పకుండా ఆడి, నిలదొక్కుకున్న డిఫెండర్‌గా తిరిగివచ్చాడు. కింది శ్రేణికి దిగిపోకుండా పోరాడే జట్టుకు లోన్ మీద వెళ్తే అలా జరగదు. శిక్షకులు మారిపోతుంటారు, ప్రతి పాయింటూ ముఖ్యమే కాబట్టి అనుభవజ్ఞులనే ఆడిస్తారు. కలాఫియోరి జెనోవా రోజులు దానికి నిదర్శనం. నేను జిల్లా స్థాయిలో ఆడే రోజుల్లో నన్ను కూడా ఇలాగే ఓడిపోతున్న జట్టుకు పంపారు. శిక్షకుడు నా పేరు నేర్చుకునేలోపే టోర్నమెంటు ముగిసిపోయింది.

బొలోన్యా శైలి:
కోచ్ గారి ప్రశ్నకు సూటిగా జవాబు బొలోన్యాలో దొరుకుతుంది. 2023 ఆగస్టు ఆఖరున సుమారు నలభై లక్షల యూరోలకు అతను అక్కడికి వెళ్ళాడు. అక్కడి శిక్షకుడు తియాగో మొత్తా అతణ్ణి సెంటర్‌బ్యాక్‌గా స్థిరపరిచాడు కానీ, వెనకే కట్టిపడేయలేదు. జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు కలాఫియోరి డిఫెన్స్ వరుసను వదిలి మిడ్‌ఫీల్డ్‌లోకి నడిచేవాడు, మిడ్‌ఫీల్డర్లు ఫ్రాయిలర్ లేదా ఏబిషర్ అతను వదిలిన చోటును కాపాడేవారు. సెరీ ఆలో చాలా జట్లు మనిషికి మనిషిని కాపలా పెడతాయి. అలాంటి జట్టుకు ఇది పెద్ద చిక్కు. వారి ఫార్వర్డ్ ఒక డిఫెండర్ వెంట తమ సొంత సగంలోకి వెనక్కి రావాలా, లేక అతణ్ణి వదిలేయాలా? వెంట వస్తే దాడికి మనిషి ఉండడు, వదిలేస్తే మధ్యలో బొలోన్యాకు ఒక మనిషి ఎక్కువవుతాడు.

ఎడమకాలి వాటం విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. ఎడమ వైపు సెంటర్‌బ్యాక్ స్థానంలో కుడికాలి ఆటగాడుంటే, బంతిని కుడికాలి మీదికి తెచ్చుకునే ఆ క్షణంలో ఎదుటివాడు మీద పడతాడు, పాస్ మళ్ళీ మధ్యలోకే పోతుంది. ఎడమకాలివాడు అదే బంతిని ఆపకుండా గీత వెంబడి గాని, వింగర్‌కూ ఫుల్‌బ్యాక్‌కూ నడుమ సందులోకి గాని పంపగలడు. కోచ్ గారూ, పరుగు పోతుందన్న మీ కుర్రాడి భయం తీరాలంటే అతనికి ఈ బొలోన్యా మ్యాచ్‌లే చూపించండి.

ఆ సీజన్లో బొలోన్యా ఐదో స్థానంలో నిలిచి ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత సంపాదించింది. 1964లో యూరోపియన్ కప్ ఆడాక ఆ నగరం మళ్ళీ ఆ వేదికను చూడలేదు. 2024 మే 20న సొంత మైదానంలో యువెంటస్‌తో 3-3గా ముగిసిన మ్యాచ్‌లో కలాఫియోరి రెండు గోల్స్ కొట్టాడు. వాటిలో రెండోది ఎదురుదాడిలో ముందుకు దూసుకువెళ్ళి, గోల్‌కీపర్ మీదుగా మెల్లగా లేపి వేసిన గోల్. సెంటర్‌బ్యాక్ అక్కడిదాకా ఎందుకు వెళ్ళాడని ఆ స్టేడియంలో ఒక్కరూ ఆశ్చర్యపోయి ఉండరు, ఎందుకంటే ఆ ఏడాదంతా అతను చేసింది అదే.

సీమ కోచ్:
చాలా ధన్యవాదాలు. ఇంకొక సందేహం. సెంటర్‌బ్యాక్ తప్పు చేస్తే అది నేరుగా గోల్ అవుతుంది. మా కుర్రాడు సున్నిత మనస్కుడు. ఒక సెల్ఫ్ గోల్ పడితే కుంగిపోతాడేమోనని భయంగా ఉంది.

నీలి చొక్కా:
దానికి యూరో 2024లో నాలుగు రోజుల వ్యవధి చాలు. జూన్ 20న గెల్జెన్‌కిర్హెన్‌లో స్పెయిన్‌తో మ్యాచ్. నికో విలియమ్స్ ఎడమ వైపు నుంచి క్రాస్ వేశాడు, మొరాటా తల తాకించాడు, ఇటలీ గోల్‌కీపర్ డొన్నరుమ్మా వేళ్ళకు తగిలి దారి మళ్ళిన బంతి కలాఫియోరి మోకాలికి తగిలి గోల్‌లో పడింది. అందులో అతను చేయగలిగిందేమీ లేదు, అయినా ఇటలీ 0-1తో ఓడింది, స్కోరు పట్టికలో అతని పేరే ఉంది. జాతీయ జట్టులోకి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు.

జూన్ 24న లైప్‌జిగ్‌లో క్రొయేషియాతో ఓడితే ఇంటికి పోవలసి రావచ్చన్న స్థితి. మోద్రిచ్ గోల్‌తో ఇటలీ వెనకబడి ఉంది, అదనంగా ఇచ్చిన ఎనిమిది నిమిషాలూ అయిపోతున్నాయి. అప్పుడు కలాఫియోరి తన సగం నుంచి బంతి తీసుకుని మధ్యలో నుంచే పరుగు తీశాడు. క్రొయేషియా ఆటగాళ్ళు అతని వైపు ముడుచుకునేదాకా పాస్ ఇవ్వలేదు. వారు దగ్గరకు రాగానే ఎడమ పక్కన ఖాళీగా ఉన్న జక్కాన్యికి బంతి జరిపాడు. జక్కాన్యి దాన్ని దూరపు మూలలోకి వంపు తిప్పి కొట్టాడు. 98వ నిమిషంలో 1-1. కలాఫియోరి మైదానంలోనే ఏడ్చేశాడు. అదే మ్యాచ్‌లో పడిన పసుపు కార్డు టోర్నమెంటులో అతనికి రెండోది, కాబట్టి స్విట్జర్లాండ్‌తో మ్యాచ్‌కు అతను లేడు. అతను లేని ఇటలీ ఆ రోజు బంతిని వెనక నుంచి ముందుకు తేవడానికి ఎంత అవస్థపడి 0-2తో ఓడిందో చూసినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

కోచ్ గారూ, సెల్ఫ్ గోల్ పడినప్పుడు ఇటలీ శిక్షకుడు స్పల్లెట్టి అతణ్ణి తర్వాతి మ్యాచ్‌లో మళ్ళీ మొదటి నిమిషం నుంచే దింపాడన్నది మీరు గమనించాలి. మీ కుర్రాడి విషయంలో ఆ పని మీ చేతిలో ఉంది.

ఉత్తర లండన్:
2024 జులై 29న ఆర్సెనల్ అతణ్ణి తీసుకుంది. అదనపు చెల్లింపులతో కలిపి నాలుగు కోట్ల ఇరవై లక్షల పౌండ్ల దాకా అని వార్తలు వచ్చాయి. తిరిగి అమ్మినప్పుడు వచ్చే లాభంలో పెద్ద వాటా బాసెల్‌కు ఉండడం వల్లే ఆ బేరం అన్ని వారాలు సాగింది.

ఇక్కడ సెంటర్‌బ్యాక్‌లుగా సలీబా, గాబ్రియేల్ ఉన్నారు కాబట్టి శిక్షకుడు ఆర్తేతా అతణ్ణి ఎక్కువగా లెఫ్ట్ బ్యాక్‌గానే ఆడిస్తున్నాడు. 2024 సెప్టెంబరు 22న మాంచెస్టర్ సిటీ మైదానంలో అతని గోల్ చూడండి. ఫ్రీకిక్‌ను త్వరగా ఆడేశారు, మార్టినెల్లి ఎడమ పక్కన బంతి అందుకుని లోపలికి ఇచ్చాడు. గీత వెంబడి ఉండవలసిన లెఫ్ట్ బ్యాక్ అప్పటికే పెనాల్టీ బాక్స్ ముందుకు వచ్చి నిలబడి ఉన్నాడు, అక్కడి నుంచి ఎడమకాలితో పై మూలలోకి కొట్టాడు. లోపలికి రావాలని, ఎప్పుడు రావాలో కనిపెట్టాలని బాసెల్, బొలోన్యాలలో సెంటర్‌బ్యాక్‌గా గడిపిన కాలంలోనే నేర్చుకున్నాడని నా అభిప్రాయం. కోచ్ గారూ, మీ కుర్రాడితో ఒక సీజన్‌కు మాత్రమే ఒప్పందం చేసుకోండి. నచ్చకపోతే మళ్ళీ లెఫ్ట్ బ్యాక్‌కే పంపుతానని మాట ఇవ్వండి.