మన ఎంపీ ఎటు ఓటేశాడో ఎట్లా తెలుస్తుంది?

హన్మకొండ చౌరస్తా: మా తమ్మునికి ఈ మధ్యనే ఓటు వచ్చింది. "మన ఎంపీ ఏ బిల్లుకు ఎటు ఓటేశాడో చూశాకే నా ఓటు" అని పట్టుబట్టి కూర్చున్నాడు. రెండు రోజులుగా వెతుకుతున్నాం, ఏమీ దొరకడం లేదు. ఎవరైనా చూశారా?

కాజీపేట జంక్షన్: దొరకదు అన్నా. చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే (సభ్యులు నోటితో అవును, కాదు అనుడు) పాసవుతాయి. ఎవరు ఏమన్నారో పేర్లు రాసుకోరు. డివిజన్ (అంటే ఓట్లు లెక్కపెట్టాలని) అడిగితేనే బటన్ నొక్కుడు, లెక్క. 2014 ఫిబ్రవరి 18 గుర్తుందా? మా ఇంట్లో పదిహేను మందిమి టీవీ ముందే ఉన్నాం. సరిగ్గా తెలంగాణ బిల్లు టైమ్‌కు లోక్‌సభ ప్రసారం ఆగింది. మా నాయన రిమోట్ పాడైందనుకొని సెల్లులు తీసి, పంటితో కొరికి, మళ్లీ పెట్టిండు! ఆ బిల్లు పాసైంది కూడా మూజువాణితోనే. అంత కొట్లాడి తెచ్చుకున్న బిల్లుకు ఎవరు ఎటన్నారో పేరుపేరునా రికార్డు లేదు.

నర్సంపేట మిర్చి: డివిజన్ జరిగినా అంతే. పార్టీ విప్ (ఎటు ఓటేయాలో ఆదేశం) ఇచ్చిందంటే అటే వేయాలి. కాదంటే 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం కింద సీటుకే ఎసరు. మా పక్కన లక్నేపల్లిలో పుట్టిన పీవీ గారి సర్కారు 1993 జులైలో అవిశ్వాసం నుంచి 265–251తో గట్టెక్కింది. ఆ ఓట్ల వెనక డబ్బుల కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది (పీవీ గారు 2002లో హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డారు, అది కూడా చెప్పాలి). ఎటు వేశారన్నది కాగితం చెప్తుంది గానీ, ఎందుకు వేశారన్నది చెప్పదు.

పరకాల టీచర్: ఓట్లు వదిలేయండి తమ్ముడూ, ప్రశ్నలు చూడండి. లోక్‌సభ వెబ్‌సైట్‌లో సభ్యుని పేరు కొడితే ఏ శాఖను ఏమి అడిగారో, మంత్రి ఏం జవాబిచ్చారో వస్తుంది. మా దగ్గర పత్తి రైతులు ఎక్కువ కాబట్టి నేను ముందు "పత్తి" కోసమే వెతుకుతా. ఒక్క మాట: మంత్రి అయిన ఎంపీకి ప్రశ్నలు సున్నా కనిపిస్తాయి, హాజరు కూడా ఉండదు. మంత్రులు ప్రశ్నలు అడగరు, హాజరు పుస్తకంలో సంతకం పెట్టరు. అది చూసి నేనే ఒకసారి స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన్ని తిట్టిపోసి నాలుక కరుచుకున్నా.

కాజీపేట జంక్షన్: నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్ కూడా చూడు. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ అందులోనే. ఒక్కటి కాదు, రెండు ఎన్నికలవి పక్కపక్కన పెట్టు.

హన్మకొండ చౌరస్తా: పెట్టాం. తమ్ముడు కేసుల పేజీ దగ్గరే ఆగి ఒక్కో సెక్షన్ అర్థం వెతుకుతున్నాడు. అమ్మ అన్నానికి మూడోసారి పిలిచింది.